తల దొరకని డైనోసార్, చేతులు కట్టుకున్న పిల్లలు

హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద, బిర్లా మందిరానికి పక్కనే ఉన్న బిర్లా సైన్స్ మ్యూజియంలో ఒక పెద్ద డైనోసార్ అస్థిపంజరం నిలబడి ఉంది. అది ఏ అమెరికా నుంచో ఓడెక్కి వచ్చింది కాదు, భూపాలపల్లి దిక్కు జంతువు. భూపాలపల్లికి ఉత్తరాన దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో యామన్‌పల్లి అనే ఊరుంది. 1970ల చివర్లో ఆ ఊరి దగ్గర 2,400 చదరపు మీటర్ల జాగాలో, అంటే మన లెక్కలో సుమారు 24 గుంటల చెలకలో, 840 దాకా ఎముకలు బయటపడ్డాయి. కనీసం 12 జంతువులవి. భూగర్భ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో వాటిని వర్ణిస్తూ ఈ కొత్త జాతికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఊరి పేరు అట్లా ప్రపంచంలోని డైనోసార్ పుస్తకాల్లోకి ఎక్కింది. 2000లో మ్యూజియంవాళ్లు డైనోసారియం తెరిచి ఈ ఎముకలకు ఒక గది ఇచ్చారు.

భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల నుంచి ఎక్స్‌కర్షన్ బస్సుల్లో పిల్లలు ఆ గదికి వస్తూనే ఉంటారు. పొద్దున జూపార్కు, మధ్యాహ్నం చార్మినార్, చీకటి పడేలోపు మ్యూజియం. టీచర్లను తప్పుపట్టలేం. బస్సు కిరాయి, భోజనాలు, మనుషుల లెక్క, మళ్లీ రెండొందల కిలోమీటర్ల వాపసు ప్రయాణం, అన్నీ వాళ్ల నెత్తి మీదే. కానీ ఆ హడావిడిలో పిల్లల ముందు నిలబడ్డది వాళ్ల పక్కూరి జంతువని చెప్పే తీరిక ఎవరికీ దొరకదు. చెప్తే మాత్రం గది రంగు మారిపోతుంది. అప్పటిదాకా సినిమా బొమ్మలా కనిపించింది, ఒక్కసారిగా మహాదేవపూర్ దారిలో మేనత్త ఇంటికి పోతుంటే కనబడే భూమి సంగతి అవుతుంది.

ఆ ఎముకలను మాత్రం ముట్టుకోనివ్వరు. ముట్టుకోనివ్వకపోవడంలో న్యాయం ఉంది. వేలమంది చేతుల చెమట, జిడ్డు, ఒరిపిడి కలిస్తే రాయి కూడా అరిగిపోతుంది, పైగా మళ్లీ దొరికేవి కావవి. అయినా ముట్టుకోవడం కుదరని ఈ అస్థిపంజరంలోనే పిల్లలు చేత్తో పట్టుకోగల ప్రశ్న ఒకటుంది. మెడ చివరన ఉన్న తల నిజమైందేనా?

కాదు. యామన్‌పల్లి తవ్వకంలో తల దొరకలేదు. తలకు సంబంధించి దొరికినవి రెండు పళ్లు మాత్రమే. ఈ రకం పొడవు మెడ డైనోసార్లకు తల ఎముకలు పలుచన, మెడతో వాటి పట్టు వదులు. జంతువు చచ్చాక నీళ్లలో కొట్టుకుపోతే మొదట విడిపోయేది తలే. అందుకని మ్యూజియంలో కనిపించే తల, దగ్గరి జాతుల తలలను చూసి శాస్త్రవేత్తలు వేసిన అంచనా. మొండెం కూడా ఒకే జంతువుది కాదు, కలగలిసి దొరికిన ఎముకల నుంచి కూర్చింది. దీని పొడవు గురించి 9 మీటర్లని కొందరు, 14 మీటర్లని కొందరు చెప్పడం చూసి బెంగపడక్కర్లేదు. దొరికినదాన్ని బట్టి దొరకనిదాన్ని లెక్కగట్టే పని అది. చూసేవాళ్లకు అంతా దొరికినట్టే నిలబడి ఉంటుంది కాబట్టి ఆ లెక్కగట్టడం ఎవరి కంటా పడదు. నా మట్టుకు నాకు ఆ మ్యూజియం మొత్తంలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం ఆ దొరకని తలే.

పిల్లల మ్యూజియాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ చెప్పే మాట ఒకటే: ఇక్కడ పిల్లలు అన్నీ ముట్టుకోవచ్చు. మంచిదే. మన బళ్లలో బుద్ధిమంతుడి గుర్తు చేతులు కట్టుకుని కూర్చోవడం. క్లాసులోకి ఇన్‌స్పెక్టర్ వస్తే చేతులు కట్టుకోవాలి, ఫొటోకు నిలబడితే చేతులు కట్టుకోవాలి. అట్లా పెరిగిన పిల్లను ఒక్కసారి హాల్లోకి వదిలి "ఏదైనా ముట్టుకో" అంటే ఏం చేస్తుంది? బటన్లన్నీ వరసపెట్టి నొక్కుతుంది. ఒకదగ్గర లైటు వెలుగుతుంది, ఇంకోదగ్గర ఫ్యాను తిరుగుతుంది, మూడోదగ్గర గొంతు వినిపిస్తుంది. అది పూర్తయ్యేలోపే నాలుగో బటన్ దగ్గరికి పరుగు. చేతికి పని దొరికింది, బుర్రకు దొరకలేదు. బటన్ నొక్కితే జరిగేది ముందే తేల్చి పెట్టినదే. పిల్ల ఎట్లా నొక్కినా, ఎంతసేపు నొక్కినా, అదే లైటు అట్లాగే వెలుగుతుంది. ఇంట్లో స్విచ్ వేయడానికీ దీనికీ తేడా లేదు.

తేడా ఎక్కడ మొదలవుతుందంటే, పిల్ల ఏదో ఒకటి తనంతట తాను మార్చగలిగి, ఆ మార్పుకు తగ్గట్టు ఫలితం మారినప్పుడు. గట్టిగా తిప్పితే ఒకటి, నెమ్మదిగా తిప్పితే ఇంకొకటి జరగాలి. బరువు ఇటు జరిపితే వాలాలి, అటు జరిపితే నిలబడాలి. అప్పుడు పిల్ల రెండోసారి చేస్తుంది. ఏ వస్తువు బాగుందో తెలుసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి కొలత కనబడలేదు: ఒకే పిల్ల దాని దగ్గరికి మళ్లీ వచ్చిందా లేదా.

ఈ తేడాను గట్టిగా పట్టుకున్న మనిషి ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. 2023లో వచ్చిన ఓపెన్‌హైమర్ సినిమా చూసినవాళ్లకు అణుబాంబు శాస్త్రవేత్త రాబర్ట్ ఓపెన్‌హైమర్ తమ్ముడిగా ఈయన గుర్తుండొచ్చు. తనూ భౌతిక శాస్త్రవేత్తే, తనూ ఆ బాంబు పనిలో ఉన్నాడు. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో సభ్యుడిగా ఉన్నందుకు 1949లో యూనివర్సిటీ ఉద్యోగం పోయింది, ఇంకెవ్వరూ రానివ్వలేదు. కొలరాడోకు పోయి పశువులు మేపుకున్నాడు. కొన్నేళ్లకు అక్కడి పల్లె హైస్కూల్లో సైన్సు చెప్పే పని దొరికింది. ప్రయోగశాల లేదు కాబట్టి పిల్లలను తుక్కు సామాన్ల దగ్గరికి తీసుకుపోయి పాత యంత్రాల భాగాలు ఏరించేవాడు. తర్వాత కొలరాడో యూనివర్సిటీలో ప్రయోగాల గ్రంథాలయం లాంటిది నడిపాడు: విద్యార్థి ఎప్పుడైనా వచ్చి పరికరం తీసుకుని తనకు తోచినట్టు చేసి చూసుకోవచ్చు. అదే పద్ధతిని పెద్దగా చేసి 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం తెరిచాడు. అక్కడ వస్తువులు తయారయ్యే వర్క్‌షాపు కూడా చూడ్డానికి వచ్చినవాళ్ల కళ్లముందే ఉండేది. రంపం చప్పుడు, వెల్డింగు వెలుగు అన్నీ ప్రదర్శనలో భాగమే. ఇంకో గొప్ప పని చేశారు: తమ వస్తువులను ఎట్లా తయారు చేయాలో కొలతలతో సహా పుస్తకంగా అచ్చేసి, ఎవరైనా చేసుకోండి అని ఇచ్చేశారు.

పిల్లలకంటూ మ్యూజియం పెట్టడం అంతకుముందే ఉంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 1899లోనే మొదలైంది. మన దేశంలో కలకత్తాలో 1959లో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం, బెంగళూరులో 1965లో విశ్వేశ్వరయ్య పేరిట ఇంకొకటి వచ్చాయి. ఇట్లాంటి సైన్స్ మ్యూజియాలను చూసుకునే జాతీయ మండలి 1978లో ఏర్పడింది. తెలుగు నేల మీద తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993 నుంచి ఉంది. హైదరాబాద్ బిర్లా ప్లానెటేరియంను 1985లో ఎన్.టి. రామారావు ప్రారంభించారు, సైన్స్ మ్యూజియం 1990లో తెరిచారు. మన మూడు జిల్లాలవాళ్లకు అన్నిటికంటే దగ్గర హనుమకొండలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం. హైదరాబాద్ దాకా పోలేని బడులు అక్కడికైనా పోవచ్చు.

ఇప్పుడు చేతి సంగతి. మన చేయి చాలా నమ్మకమైన పరికరం అనుకుంటాం గానీ, అది ఏం కొలుస్తుందో మనకే సరిగా తెలియదు. ఏ సైన్స్ కేంద్రంలోనైనా చవగ్గా పెట్టగల ప్రదర్శన ఒకటి చెప్తాను. దానికి కావలసిన సరుకు జనగామ జిల్లాలోనే ఉంది. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే రోడ్డు మీద జనగామకు ముందు పెంబర్తి వస్తుంది. అక్కడి ఇత్తడి పనివాళ్లు రేకును సాగగొట్టి దేవుడి మకరతోరణాల నుంచి జ్ఞాపికల దాకా చేస్తారు. అట్లాంటి ఇత్తడి రేకు ఒకటి, అంతే మందం టేకు చెక్క ఒకటి, రెండూ ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టండి. డిసెంబర్ పొద్దున పిల్లను రెండు చేతులూ రెండింటి మీద పెట్టమంటే, ఇత్తడి చల్లగా ఉందంటుంది. రాత్రంతా రెండూ ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి థర్మామీటర్ పెడితే రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. పిల్ల థర్మామీటర్‌నే అనుమానిస్తుంది. అనుమానించాలి కూడా.

జరుగుతున్నదేమిటంటే, మన అరచేతి చర్మం మామూలుగా 33 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. గది 20 డిగ్రీలుంటే వేడి చేతిలోంచి వస్తువులోకి పోతుంది. చెక్కలోకి పోయిన వేడి అక్కడే నిలిచిపోతుంది. చేతి కింది చెక్క పొర వెంటనే వేడెక్కి, ఇక తీసుకోవడం తగ్గిస్తుంది. ఇత్తడి చెక్క కంటే వందల రెట్లు త్వరగా వేడిని లోపలికి పంపించేస్తుంది కాబట్టి తీసుకుంటూనే ఉంటుంది. చర్మంలోని నరాలకు అందేది వస్తువు వేడిమి కాదు, చర్మం ఎంత త్వరగా చల్లబడుతోందన్న సమాచారం. అందుకే చల్లగా ఉందని మెదడుకు కబురు పోతుంది.

ఇక్కడిదాకా పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. పుస్తకంలో కుదరని భాగం మే నెలలో వస్తుంది. జనగామలో నీడపట్టున 42 డిగ్రీలున్న మధ్యాహ్నం అదే బల్ల దగ్గరికి అదే పిల్లను తీసుకురండి. ఇప్పుడు ఇత్తడి చెక్క కంటే వేడిగా తగులుతుంది. వస్తువులు అవే, చేయి అదే, తీర్పు తిరగబడింది, ఎందుకంటే వేడి పోయే దిక్కు తిరగబడింది. ఈ రెండు రోజుల మధ్యన, గది వేడిమి చర్మం వేడిమికి సరిసమానమైన రోజు ఒకటి వస్తుంది. ఆరోజు కళ్లు మూసుకుని ముట్టుకుంటే ఏది ఇత్తడో ఏది చెక్కో వేడిమిని బట్టి చెప్పడం కష్టం. ఏడాదికి ఒక్కసారి బస్సులో వచ్చి పోయే పిల్లకు ఈ ప్రదర్శన సగమే దొరుకుతుంది. అది మొత్తం దొరకాలంటే బల్ల ఊళ్లో ఉండాలి.

ఇదే బల్ల మీద రెండు మంచుగడ్డలు కూడా పెట్టవచ్చు. ఏది ముందు కరుగుతుందని అడిగితే ఎక్కువమంది పిల్లలు, వాళ్ల నాన్నలు కూడా, చెక్క మీదిదే అంటారు, చెక్క వెచ్చగా ఉంది కదా మరి. ఇత్తడి మీది గడ్డ కళ్లముందే నీరైపోతుంటే చెక్క మీది గడ్డ తీరిగ్గా కూర్చుని ఉంటుంది. చేతిలోంచి వేడిని త్వరగా లాగేసిన ఇత్తడే గదిలోని వేడిని మంచుకు త్వరగా అందిస్తోంది. ముందు తప్పు జవాబు చెప్పి, తర్వాత అది తప్పని తనే చూసిన పిల్లకు ఈ సంగతి ఇక మరుపు రాదు. అందుకని అడగకుండా మంచు పెట్టకూడదు. పందెం కట్టాకే గడ్డ పెట్టాలి.

మళ్లీ డైనోసార్ దగ్గరికి వద్దాం. కోటాసారస్ కాళ్లు చూస్తే తొడ ఎముక తిన్నగా, స్తంభంలా నిలబడి ఉంటుంది. ఎందుకంత తిన్నగా ఉండాలో తెలుసుకోవడానికి మ్యూజియం కూడా అక్కర్లేదు. మన బళ్లలో గోడకుర్చీ అనే శిక్ష ఉండేది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండానే కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడాలి. రెండు నిమిషాలకు తొడలు మండిపోతాయి. అదే పిల్ల తిన్నగా నిలబడితే అరగంటయినా ఏమీ కాదు. మోకాలు వంగినప్పుడు ఒంటి బరువు కండరాలు మోయాలి, తిన్నగా ఉన్నప్పుడు ఎముకల మీదుగా నేలకు దిగిపోతుంది. టన్నుల బరువున్న జంతువు జీవితాంతం గోడకుర్చీ వేయలేదు.

దీని వెనక ఒక లెక్క ఉంది. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఎముకల బొమ్మ వేసి మరీ చెప్పాడు. ఒక జంతువును పొడవు, వెడల్పు, ఎత్తు అన్నిట్లో రెండింతలు చేస్తే బరువు 8 రెట్లవుతుంది. ఎముక బలం మాత్రం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి 4 రెట్లే పెరుగుతుంది. అంటే ఎముక మీద భారం రెండింతలు. మేకను ఏనుగంత చేస్తే అది మేకలా గెంతదు, దాని కాళ్లు విరుగుతాయి. ఎనిమిదీ నాలుగూ బోర్డు మీద రాస్తే అంకెలుగానే ఉండిపోతాయి. నోట్‌బుక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి నిలబెట్టి, దాని మీద పుస్తకాలు ఒక్కొక్కటే పెట్టిస్తే కథ వేరు. ఎన్నో పుస్తకం దగ్గర కూలుతుంది? గొట్టాన్ని కాస్త వంచి పెడితే? సన్నగా చుడితే? నాలుగు గొట్టాలు పెడితే? ప్రశ్నలన్నీ పిల్లలే వేసుకుంటారు. పెద్దవాళ్లు పుస్తకాలు ఏరి ఇస్తే చాలు.

భూపాలపల్లి పిల్లల విషయంలో ఇంకో సంగతి ఉంది. వాళ్లలో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు సింగరేణిలో పనిచేస్తారు, చెల్పూరు థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు వాళ్ల ఆకాశంలో భాగం. ఆ ఊళ్లలో బొగ్గును చూడని పిల్ల లేదు. అయితే డైనోసార్లు చచ్చి, కుళ్లి బొగ్గయ్యాయనే మాట పెద్దవాళ్ల నోటా వినబడుతుంది. నిజానికి సింగరేణి బొగ్గు పెర్మియన్ కాలంలో, 25 కోట్ల ఏళ్లకు ముందటి చిత్తడి అడవుల్లో, గ్లాసోప్టెరిస్ లాంటి చెట్ల నుంచి తయారైంది. భూమి మీద మొదటి డైనోసార్ పుట్టడానికి ముందే అది పూడిపోయి ఉంది. యామన్‌పల్లి జంతువు తిరిగింది సుమారు 18 కోట్ల ఏళ్ల కింద, జురాసిక్ కాలంలో. అప్పటికే దాని కాళ్ల కింద, ఎంతో లోతున, బొగ్గు ఉంది. గోదావరి లోయ అడుగు కోట్ల ఏళ్లపాటు కుంగుతూ ఉండటంతో పొర మీద పొర పడింది. తర్వాత కోత పడి, ఒక్కో పొర అంచు ఒక్కోచోట పైకి తేలింది. అందుకే ఒకే జిల్లాలో ఒకచోట బొగ్గు, ఇంకోచోట డైనోసార్ ఎముకలు.

కోట్ల ఏళ్లంటే పిల్లలకే కాదు, మనకూ పట్టు చిక్కదు. దానికి ఒక తాడు చాలు. 10 లక్షల ఏళ్లకు 1 సెంటీమీటర్ చొప్పున కొలవండి. ఇవాళ దగ్గర తాడు కొస పట్టుకుంటే, కోటాసారస్ 180 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అంటే చేతులు బార్లా చాపినంత. బొగ్గు ఇంకో మీటరు దాకా అవతల. డైనోసార్ల కథ ముగిసింది 66 సెంటీమీటర్ల దగ్గర. మన మనిషి జాతి వయసు 3 లక్షల ఏళ్లనుకుంటే 3 మిల్లీమీటర్లు. మరి కాకతీయులు? గణపతిదేవుడి కాలం నుంచి ఇప్పటిదాకా 800 ఏళ్లు తాడు మీద తల వెంట్రుక మందంలో పదోవంతు. ఈ తాడు పిల్లలతోనే కట్టించాలి. ముడులు ఎక్కడ వేయాలో లెక్క కట్టుకునేటప్పుడే అసలు విషయం బుర్రకెక్కుతుంది. కట్టి ఉన్న తాడును చూపిస్తే అది మళ్లీ బోర్డు మీది చార్టే.

"చూపిస్తే" అనే మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే పరిశోధకులు కూడా అక్కడే ఆగారు. 2011లో ఎలిజబెత్ బోనవిట్జ్, లారా షుల్జ్, మరికొందరు కలిసి నాలుగైదేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గొట్టాలతో చేసిన కొత్త ఆటబొమ్మ, దాంట్లో నాలుగు గుట్టులు: ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, ఇంకోచోట లైటు వెలుగుతుంది, ఒకచోట సంగీతం, ఒకచోట లోపల దాగిన అద్దం. కొందరు పిల్లలకు పెద్దమనిషి, "ఇదిగో చూడు, ఇది ఇట్లా పనిచేస్తుంది" అని కీచుమనడం ఒక్కటీ చూపించారు. ఇంకొందరి ముందు అదే పని అనుకోకుండా జరిగినట్టు నటించారు. తర్వాత బొమ్మను పిల్లల చేతికిచ్చి వదిలేశారు. పాఠం చెప్పించుకున్న పిల్లలు కీచుమనిపిస్తూ కూర్చున్నారు, తొందరగా విసిగి వదిలేశారు, మిగతా గుట్టులు తక్కువ కనిపెట్టారు. రెండో రకం పిల్లలు ఎక్కువసేపు ఆడారు, ఎక్కువ కనిపెట్టారు. పిల్లల తర్కం తప్పేమీ కాదు. తెలిసిన పెద్దాయన ఒక్కటే చూపించాడంటే అంతకుమించి లేదనే కదా అర్థం.

మ్యూజియంలో తండ్రుల, టీచర్ల తొందర చూసినప్పుడల్లా నాకు ఈ ప్రయోగం గుర్తొస్తుంది. పిల్ల చేయి వస్తువు మీద పడేలోపే "అది సెంట్రిఫ్యూగల్ ఫోర్స్ బిడ్డా" అని మన నోరు పడిపోతుంది. ప్రేమతోనే. ఆ మాటతో పని అయిపోతుంది, పిల్ల పక్కదానికి పోతుంది.

అట్లాగని నోరు మూసుకుంటే సరిపోతుందా అంటే, ఇంకో పరిశోధన అడ్డం వస్తుంది. కెవిన్ క్రౌలీ, మౌరీన్ కాలనన్, వాళ్ల సహచరులు కాలిఫోర్నియాలోని ఒక పిల్లల మ్యూజియంలో కుటుంబాలు ప్రదర్శనల దగ్గర మాట్లాడుకునేది రికార్డు చేసి 2001లో అచ్చేశారు. ఆడపిల్లలూ మగపిల్లలూ వస్తువులను దాదాపు ఒకే తీరున వాడుతున్నారు, తల్లిదండ్రులు ఇద్దరితోనూ మాట్లాడుతున్నారు. కానీ అది ఎందుకట్లా జరుగుతోందని వివరించే మాటలు మాత్రం కూతుళ్ల కంటే కొడుకులకు మూడు రెట్లు ఎక్కువగా చెప్తున్నారు. తాము అట్లా చేస్తున్నామని వాళ్లకు తెలియదు. మన దగ్గర ఇట్లా కొలిస్తే అంకె ఎంత వస్తుందో ఊహించడానికి నాకు ధైర్యం లేదు. ఈ రెండు పరిశోధనలూ ఒకదాన్నొకటి కొట్టుకోవు. మొదటిది చేయి ఆడకముందు మాట్లాడొద్దంటుంది, రెండోది ఆడిన తర్వాత ఎవరితో మాట్లాడుతున్నావో చూసుకోమంటుంది. పిల్ల రెండుమూడుసార్లు చేసి చూసి, మన మొహం వంక చూసినప్పుడు, ఆ పిల్ల ఎవరైనా సరే, "ఎందుకట్లైంది అనుకుంటున్నవ్?" అని అడగడం సరైన సమయం.

మూడు జిల్లాలకు మూడు పెద్ద భవనాలు కట్టాలని నేను అనను. భవనం కడితే మొదటి ఏడాది రంగులు, మూడో ఏడాది తాళం. కలకత్తా మ్యూజియంవాళ్లు 1965లోనే ప్రదర్శనలను బస్సుకెక్కించి పల్లె బడులకు పంపడం మొదలుపెట్టారు, అట్లాంటి బస్సులు దేశంలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కుప్పం దగ్గర క్యాంపస్ ఉన్న అగస్త్య ఫౌండేషన్ చేసేదీ ఇదే తీరు పని. బస్సు కన్నా తక్కువలో అయ్యేది బడికో బల్ల. దాని మీద పెంబర్తి ఇత్తడి, చెక్క. బయ్యారం ఇనుపరాయి ఒకటి, పక్కనే అంతే సైజు గ్రానైట్ రాయి ఒకటి. మహబూబాబాద్ పిల్లలు రెండు చేతుల్లో రెండు రాళ్లు పట్టుకుంటే ఏది బరువో చెప్పడానికి త్రాసు అక్కర్లేదు. మంచి ఇనుప ఖనిజం సాంద్రత గ్రానైట్‌కు దాదాపు రెండింతలు. అయస్కాంతం దగ్గర పెడితే ఏ ముక్క ఎంత లాగుతుందో వాళ్లే చూసుకుంటారు. ఒక బొగ్గు పెళ్ల. ముడుల తాడు. ఇంకా, కోటాసారస్ తొడ ఎముకకు రబ్బరు అచ్చు తీసి ఫైబర్‌గ్లాసుతో పోసిన నకలు. ముట్టుకోనివ్వని ఎముకలకు నకళ్లు చేసి పిల్లలకు ఇవ్వడం ప్రపంచంలో చాలా మ్యూజియాలు చేస్తున్న పనే. తల నకలు మాత్రం వద్దు. రెండు పళ్ల బొమ్మలు, గంపెడు చెరువు మట్టి ఇచ్చి తల మీరే చేయండి అంటే, పళ్లను బట్టి ఏం తినేదో, దాన్నిబట్టి దవడ ఎంతుండాలో వాళ్లు వాదులాడుకుంటారు. శాస్త్రవేత్తలు చేసిందీ అదే.

ఇట్లాంటి బల్లలకు ఉండే అసలు శత్రువు విరిగిపోవడం. పిల్లలు నిజంగా వాడే వస్తువు ఏదైనా విరుగుతుంది, విరగకపోతే ఎవరూ ముట్టుకోలేదని లెక్క. పెద్ద కేంద్రాల్లో విరిగినదాని మీద "పనిచేయుట లేదు" అని చీటీ అంటిస్తారు. విడిభాగం ఎక్కడో దూరంనుంచి రావాలి, టెండరు పిలవాలి, ఈలోపు చీటీ పాతబడిపోతుంది. అందుకని వస్తువు ఎంచుకునేటప్పుడే, దీన్ని మన ఊళ్లో ఎవరు బాగుచేస్తారు అని అడగాలి.

ఉదాహరణకు, ప్రపంచంలోని చాలా సైన్స్ కేంద్రాల్లో ఉండే తిరుగుడు స్టూలు, సైకిల్ చక్రం. చక్రం ఇరుసుకు రెండువైపులా పిడులు బిగించి పిల్ల చేతికిస్తారు. పిల్ల స్టూలు మీద కూర్చుని చక్రాన్ని నిలువుగా పట్టుకుంటుంది, ఇంకొకరు దాన్ని గట్టిగా తిప్పుతారు. తిరుగుతున్న చక్రాన్ని పక్కకు వాల్చి పడుకోబెట్టగానే స్టూలుతో సహా పిల్ల తిరగడం మొదలవుతుంది. అటు వాలిస్తే అటు, ఇటు వాలిస్తే ఇటు. నేల నుంచి ఎవరూ నెట్టలేదు. చక్రం ఒక దిక్కుకు తిరిగితే, మొత్తం లెక్క సరిపోవడానికి పిల్ల, స్టూలు కలిసి ఎదురు దిక్కుకు తిరగాలి. ఆకాశంలో ఉపగ్రహాలను అటూ ఇటూ తిప్పడానికి వాడే చక్రాల సూత్రం కూడా ఇదే. దీంట్లో పాడయ్యేది ఒక్కటే, బేరింగు. తుప్పు పట్టి చక్రం నాలుగు చుట్లకే ఆగిపోతే స్టూలు కదలదు. మహబూబాబాద్‌లోనో, జనగామలోనో, భూపాలపల్లిలోనో సైకిల్ షాపుకు తీసుకుపోతే, గోళీలు మార్చి, గ్రీజు పెట్టి, సాయంత్రానికి చేతిలో పెడతారు.